మందు అనే మాట

హనుమకొండ మైదానంలో వేసిన పందిరి వెనుక, వేదిక మెట్ల పక్కన, సోమక్క తన కూతురు సమ్మమ్మను గుంజకు ఆనించి నిలబెట్టింది. కాసేపట్లో ఆ తల్లీకూతుళ్లు మైకు ముందు నిలిచి సాక్ష్యం చెప్పాలి. టీబీ పట్టిన పిల్ల ప్రార్థనతో బాగుపడిందని ఆ జనమంతటికీ చెప్పాలి. రఘునాథపల్లిలో నాట్లకూ కోతలకూ పోయే సోమక్కకు మైకు అంటే భయమే. అంతకన్న పెద్ద భయం, మొన్నటి నుంచి పిల్లకు మళ్లీ మొదలైన దగ్గు. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మిక చాలలేదంటారేమో, వచ్చిన బాగు వెనక్కి మళ్లుతుందేమో.

కృపానందం గారిని ఆమె ఊరికే నమ్మలేదు. తెనాలి వైపు నుంచి డెబ్బయ్యొకటిలో పాత సైకిలుతో వచ్చిన ఆ పాస్టరు, కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోసే హమాలీల పక్కన కూర్చుని, వారి సద్ది తిని, వారితో పాడి, వారికోసం ఏడ్చి, ఎందరి చేతనో తాగుడు మాన్పించాడు. పట్నంలోని చదువుకున్నవారు ఆయనను గారడీవాడన్నారు. అన్నవారిలో ఒక్కరూ ఒక్క హమాలీ గడప తొక్కి ఎరుగరు. పదమూడేళ్లలో ఆయన పందిరి పెరిగింది. పందిరితో పాటు, ఆయన చుట్టూ తెల్లచొక్కాల పెద్దలూ పెరిగారు.

వారిలో ఒకడైన దానియేలు సోమక్కను ముందుకు నెట్టాడు. "అయ్యగారూ, మొన్న జెప్పిన టీబీ పిల్ల ఈమె బిడ్డనే."

కృపానందం వంగి పిల్ల తల నిమిరాడు. "ఏం చెబుతావమ్మా పైకెక్కి?"

"నువ్వు జెప్పినట్టే జేసిన అని జెప్త అయ్యా. మందు బంద్ జేసిన."

"మంచి పని చేశావు. ఇంట్లో ఎవరు తాగేవారు?"

"తాగుడేంది? మా ఇంట్ల కల్లు సుతం ముట్టరు."

"మరి మందు మానిందెవరు?"

"నా బిడ్డనే. దవాఖాన గోలీలు పెంటకుప్పల పారబోసిన. సూదులకు పోలె. మందు ఇడిసినోళ్ల ఇంట్ల దేవుడు అడుగువెడ్తడని పోయిన నెల ఇక్కన్నే అంటివి గద!"

మాట ఎక్కడ తప్పిందో ఆయనకు అప్పుడు తెలిసింది. ఆయన ఊళ్లో మందంటే సారా. సోమక్క ఊళ్లో సారా సారాయే, కల్లు కల్లే. మందు దవాఖానలో ఇచ్చేది. ఇన్నేళ్లూ వీళ్ల సద్ది తిన్నాడు గాని ఈ ఒక్క మాట దగ్గర ఆగి వినలేదు.

సమ్మమ్మ దగ్గింది. తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని, ఆపలేక, వంగిపోయి దగ్గింది.

"అయ్యగారూ, జర నా మాట వినుండ్రి," అన్నాడు దానియేలు. "సాక్ష్యం కానియ్యుండ్రి. రేపు మెల్లగ దవాఖానకు పంపుదాం. ఎవలకు ఎరుక?"

"నాకు ఎరుకే."

"పరువు పోతది."

"పిల్ల పోతోందయ్యా!"

ఆయన ఒక్కడే మెట్లెక్కాడు. ఎప్పటిలా గొంతెత్తలేదు. "నేను మానమన్నది సారా. దవాఖాన మందు కాదు. మీ భాషలో మాట్లాడడం చేతకాక తప్పు మాట పలికాను. గోలీలు మానిన వారెవరైనా ఉంటే చెయ్యెత్తండి. తప్పు మీది కాదు, నాది."

"గిట్లనా నీ దేవుడు మాట్లాడేది?" అని ఎవరో అరిచారు. ఈలలు వేశారు. ఆ ఈలల మధ్యనే ఒక ముసలామె చెయ్యి లేచింది. దాని వెనుక మరొకటి. చేతులెత్తిన వారందరినీ తెల్లవారగానే దవాఖానకు తీసుకుపోయే పని తెల్లచొక్కాలకు అప్పజెప్పి ఆయన దిగివచ్చాడు. తప్పు ఎరిగీ దాచే పెద్దలు అన్ని మతాల్లోనూ పుష్కలం. కూలిజనం ముందు దాన్ని తన నోట ఒప్పుకున్నవాణ్ని ఆ పట్నం అంతకుముందు చూడలేదు.

ఆ రాత్రే పిల్లను తీసుకుని ఆయనతో రిక్షాలో దవాఖానకు పోతూ సోమక్క ఉండబట్టలేక అడిగింది. "గంతేనా అయ్యా? నీ దేవునికి చాతగాదా?"

"ఆయనకు చేతనవుతుందమ్మా. నాకే చేతకాలేదు."

డ్యూటీలో ఉన్న డాక్టరు ఆయననే తిట్టింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు. గోలీలు మొదటి నుంచీ మళ్లీ వాడాలని, ఈసారి ఆపితే తన చేతుల్లో లేదని చెప్పి ఆమె పోయింది.

సమ్మమ్మ పళ్లు బిగించింది. "నేను మింగ. కడుపుల తిప్పుతది. దేవుడు కోపం జేత్తడు."

కృపానందం మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఈసారి ఒక్కొక్క మాట ఎంచుకుని పలికాడు. "గోలీ మింగు బిడ్డా. దేవుడు కోపం జెయ్యడు. నేను ఈన్నే కూసుంట."

ఆయన నోట ఆ యాస వినగానే పిల్లకు నవ్వొచ్చింది. పెదవులు విచ్చుకున్నాయి. సోమక్క ఆలస్యం చేయలేదు. గోలీ నోట్లో వేసి, చెంబు అందించి, గొంతు కదిలి అది దిగేదాకా కన్నార్పకుండా చూసింది.