మేస్త్రి తెచ్చిన తెల్లరాయి

రాయి విషయంలో మేస్త్రికి ఎదురు చెప్పే మొనగాడు ఇంతవరకూ పుట్టలేదు. అలాగని ఆయనే చెప్పుకుంటాడు లెండి. ఇరవై ఏళ్ళుగా ఇళ్ళకు బండలు పరుస్తున్న మనిషి. అరచేత్తో తడిమి అది ఏ గనిదో చెప్పేస్తాడు. అందుకే భార్య ముందుగదిలో, తన కుట్టుమిషను పక్కన చేపల తొట్టి పెట్టుకుని, అందులోకి రాళ్ళు కొంటానంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. మేస్త్రి ఇంట్లో రాళ్ళు కొనడమా!

పనిచేసే చోటికి దగ్గర్లో వాగుంది. వారంపాటు రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అందులో దిగి రాళ్ళు ఏరాడు. బ్రష్షుతో రుద్దాడు, వేడినీళ్ళు పోశాడు. పదకొండు నల్లవి. మధ్యలో పెట్టడానికి ఒక్కటి తెల్లది, చిన్న కొబ్బరికాయంత, నున్నగా ఉంది. మందుల షాపులో పనిచేసే బావమరిది చూసి, ఏ రాయి పడితే అది నీళ్ళలో పెట్టకూడదట బావా, ఓసారి కనుక్కో అన్నాడు. మాత్రల సంగతి నువ్వు చూసుకో, రాళ్ళ సంగతి నాకొదిలెయ్ అని మేస్త్రి అతని నోరు మూయించాడు.

నెల తిరక్కుండానే చేపలు డీలా పడ్డాయి. వాననీటిలాంటి మెత్తని నీళ్ళకు అలవాటుపడ్డ సన్న చేపలవి, ఎనిమిది. ఓ మూలకు చేరి కదలడం మానేశాయి. రెండు చచ్చిపోయాయి. ఆవిడ మేత మార్చింది, నీళ్ళు మార్చింది, మిషను ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంది. చిన్నప్పుడు తను నాటిన మొక్కలూ బతికేవి కావట.

"నా హస్తవాసే మంచిది కాదండీ. ఆదివారం వచ్చి తొట్టి పట్టుకుపొమ్మని తమ్ముడికి చెప్పాను," అంది.

శనివారం మేస్త్రి ఓ వంటగదిలో తెల్ల పాలరాతి గట్టు బిగించి, ఇంటావిడకు ఎప్పుడూ చెప్పే పాఠమే అప్పజెప్పాడు. దీనిమీద నిమ్మకాయ పిండకండమ్మా, ఇందులో సున్నం ఉంటుంది, పులుపు తగిలితే పొంగి కరిగిపోతుంది. చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. గుండెల్లో రాయి పడింది.

ఇంటికొచ్చేసరికి భార్య కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. తెల్లరాయి బయటికి తీసి, తుడిచి, నిమ్మరసం పిండాడు. బుసబుసా పొంగింది. నల్లరాళ్ళు కిక్కురుమనలేదు. ఆ సున్నమే నెలంతా నీళ్ళలోకి దిగి, ఆ సన్న చేపలకు పడకుండా చేసిందన్నమాట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయనగారు రచ్చ గెలిచొచ్చి ఇంట్లో బోర్లాపడ్డాడు.

రాయి గుట్టుగా దాచేస్తే అడిగేవాడు లేడు. నీళ్ళు కుదుటపడతాయి, చేపలూ తేరుకుంటాయి. కానీ తన చెయ్యి మంచిది కాదన్న దిగులు ఆవిడకు జన్మంతా ఉండిపోతుంది. చెబితేనేమో బావమరిది ముందు ఇక తలెత్తలేడు. సాయంత్రమంతా తేలు కుట్టిన దొంగలా ఇల్లంతా తిరిగాడు.

ఆదివారం బావమరిది బకెట్టుతో దిగాడు. మేస్త్రి తెల్లరాయిని బల్లమీద పెట్టి, ఇద్దరి ముందూ నిమ్మకాయ పిండాడు.

"చేపల్ని చంపింది నీ చెయ్యి కాదు, నా రాయి. ఊరందరికీ చెప్పే ముక్క ఇంట్లో మర్చిపోయాను," అన్నాడు.

బావమరిది ఏదో అనబోయాడు. అక్క చూసిన చూపుకు మింగేశాడు. ఆవిడ పొంగుతున్న రాయిని చూసింది, తన అరచేతిని చూసుకుంది.

"అయితే నా చెయ్యి మంచిదేనా?"

"బంగారం," అన్నాడు మేస్త్రి.

బకెట్టు వృథా పోలేదు. పది రోజులపాటు కొంచెం కొంచెంగా నీళ్ళు మార్చడానికి పనికొచ్చింది. మోసింది బావమరిదే. ఆ తర్వాత ఆరు చేపలూ మూల వదిలి, మేతకోసం ఆవిడ వేళ్ళ దగ్గరికి రావడం మొదలెట్టాయి. ప్రాణం లేచొచ్చింది ఆవిడకు.

తెల్లరాయిని ఆవిడ పారెయ్యనివ్వలేదు. గుడ్డ కత్తిరించేటప్పుడు జారకుండా బరువుగా పెట్టుకుంటోంది. మేస్త్రి ఎవరిముందైనా రాళ్ళ గురించి గొప్పలు మొదలుపెడితే, ఆవిడ లేచి వెళ్ళి ఓ నిమ్మకాయ తెచ్చి రాయి పక్కన పెడుతుంది.