నలగని చొక్కా

ఇస్త్రీవాడికి నలిగిన చొక్కాతో గడప దాటడమంటే తల కొట్టేసినంత పని. వీధి చివర యంత్రాలతో బట్టలుతికి ఇస్త్రీ చేసే దుకాణం తెరిచాక అతని బండి దగ్గరికి బట్టలు రావడం తగ్గింది. ఇంట్లో తనకీ, భార్యకీ, కూతురికీ కలిపి పొయ్యి రోజుకి ఒక్కసారే వెలుగుతోంది. అయినా రేషన్ కార్డు కోసం వెళ్లే రోజున, ఉన్న ఒక్క మంచి చొక్కానీ తీసి, కాలరు మీద రెండుసార్లు ఇస్త్రీపెట్టె తిప్పి మరీ వేసుకున్నాడు. భార్యని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్లాడు.

కార్డులిచ్చే ఆఫీసరు మహానుభావుడు. పేదరికాన్ని కంటిచూపుతోనే కొలిచేస్తాడు. ఆయన కాలరు లోపల జిడ్డు గీత వేలెడు మందాన ఉందని ఇస్త్రీవాడు గుమ్మంలోంచే చూశాడు.

"పెళ్లికొడుకులా తయారై వచ్చావు. నీకెందుకయ్యా కార్డు?"

"ఇస్త్రీ నా పని సార్. బొగ్గుంది, చొక్కా ఉంది. తిండే లేదు."

"ఆకలితో ఉన్నవాడికి మడతలు గుర్తుంటాయా?" అంటూ దరఖాస్తు పక్కన పడేశాడు.

భార్య ఊరుకోలేదు. "తిండి అందరికీ కావాల్సిందే కదా సార్. అందరికీ ఇచ్చేస్తే ఈ చొక్కాలు చూసే పనుండదుగా?"

"అందరికీ ఇచ్చేస్తే ఇక నేనెందుకమ్మా?" అన్నాడాయన, సిగ్గూ ఎగ్గూ లేకుండా. జన్మలో ఆయన నోట వచ్చిన నిజం బహుశా అదొక్కటే.

ఇంటికొచ్చి భార్య ఆ చొక్కాని నీళ్లలో ముంచి, తాడులా మెలిపెట్టి, అలాగే ఆరబెట్టింది. అతను చూడలేక మొహం తిప్పుకున్నాడు. వారం తర్వాత ఆ ముద్దనే తొడుక్కుని వెళ్తే ఆఫీసరుగారి మనసు ఇట్టే కరిగింది.

"అదీ! మొదటే ఇలా వచ్చి ఏడవొచ్చుగా," అని ముద్ర గుద్దాడు. మనిషి అతనే, కడుపూ అదే. ఇలాంటి మొద్దుల్ని కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లననాలి.

ఆ సాయంత్రం ముగ్గురూ కడుపునిండా తిన్నారు. తింటూ తింటూ కూతురు చెప్పింది. "నాన్నా, రేపు బళ్లో పుస్తకాలు ఊరికే ఇస్తారట. పేదపిల్లలెవరో చూసి ఏరడానికి ఒకాయన వస్తాడట."

అతను చెయ్యి కడుక్కుని వచ్చాడు. పొద్దున తానే ముడత లేకుండా చేసిపెట్టిన బడి గౌను తీసి, కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని రెండు చేతులా పిండి, పిల్ల పడుకునే చాప మీద పడేశాడు.

"నాన్నా, నలిగిపోతుంది!"

"దాని మీదే పడుకో తల్లీ," అన్నాడు. "బాగా దొర్లు."