రద్దు కాని హాజరు

ముదిగుబ్బకు ఆరు మైళ్ళ దూరంలో, చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేలు తప్ప మరో పచ్చదనం ఎరుగని ఒక చిన్న పల్లె ఉంది. 1962వ సంవత్సరం వేసవిలో ఆ దారిన వచ్చిన టీకాల ఉద్యోగి ఒకాయన పొద్దు గుంకే వేళ ఒక ముచ్చటైన దృశ్యం చూశాడు. ఊరి చివరి ఎరుకల వాడ నుంచి ఎనిమిది మంది మగవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని, ఒకరి వెనుక ఒకరుగా చావడి వైపు నడిచిపోతున్నారు. భజనకు కాబోలు, ఎంత ఐకమత్యం అని మెచ్చుకుని ఆయన తన దారిన పోయాడు. పాపం, ఆయన తప్పేమీ లేదు. దూరం నుంచి చూస్తే మనకూ అలాగే కనిపిస్తుంది.

వాళ్ళు పోయేది హాజరు పలకడానికి. తెల్లదొరలు ఎరుకల వంటి కొన్ని కులాల వాళ్ళకు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి ఒక చట్టం చేశారు. ఆ కులాల్లో పుట్టిన మగవాడు రోజూ గ్రామాధికారి ముందు నిలబడి తాను ఊళ్ళోనే ఉన్నానని చెప్పుకోవాలి. పొరుగూరికి పోవాలంటే చీటీ రాయించుకోవాలి. దొరలు పోయారు, ఆ చట్టమూ పోయింది. దాన్ని కొట్టివేసి పదేళ్ళు దాటింది. కానీ ఈ ఊరి మునసబు గోవిందప్ప హాజరు పుస్తకం మూయలేదు. మూస్తే నష్టం ఆయనకే. హాజరుకు వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చారు గనుక ఆయన ఎద్దులకు నీళ్ళు పెట్టి, పేడ ఎత్తి, దొడ్డి ఊడ్చి మరీ పోవాలి. కూలి మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ వరుసలో ముందు నడిచేవాడు గురప్ప. అతనూ, భార్య ఓబులమ్మా బుట్టలు అల్లి బతుకుతారు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు బయ్యన్న తిరుపతిలో ఎం.ఏ. చదువుతున్నాడు. చదువుతున్నది రాజనీతి. అందులోనూ అతను పట్టుబట్టి ఎంచుకున్నది మనిషి హక్కులు, వాటిని కాపాడే చట్టాలు. మొదటి సంవత్సరం పరీక్షలో ఈ రద్దయిన చట్టం మీదే ప్రశ్న వచ్చింది. బయ్యన్న నాలుగు పేజీలు రాశాడు. కళ్ళతో చూసినట్టు రాశావోయ్ అని అధ్యాపకుడు భుజం తట్టాడు. 

సెలవులకు ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రమే తండ్రి లేచి తలగుడ్డ అందుకోవడం చూసి అతను అడ్డం నిలబడ్డాడు.

"నాయనా, కూసో. నువ్వు ఇంగ యాడికీ పోవద్దు. ఆ చట్టం కొట్టేసి పదేండ్లు దాటింది. నేను పుస్తకంలో చదివినా, పరీక్షలో రాసినా."

గురప్ప తలగుడ్డ ముడి బిగించాడు. "తెల్సులేరా" అన్నాడు.

"తెల్సా?"

"నువ్వు పెద్దబడిలో చేరిన ఏడే మన ఊరి బడి మహబూబ్ బాషా అయ్యవారు నాకు చెప్పినాడు."

"తెలిసీ పోతాండావా?"

మూలన బుట్ట అల్లుతున్న ఓబులమ్మ చేతులు ఆగాయి. "చెప్పు. వాడేమన్నా సన్నపిల్లోడా ఇప్పుడు?" అంది.

గురప్ప కొడుకు ముఖం చూడకుండా చెప్పాడు. "ఏటేటా నీ మంచి నడత కాగితం మీద సంతకం పెట్టేది ఎవరు? మునసబు. అది లేకుంటే నీ సదువుకు సర్కారు దుడ్లు యాడొస్తాయి? నువ్వు బడిలో చేరినపుడే నేను మాట్లాడుకున్నా. సామీ, నేను బతికినన్నాళ్ళూ వచ్చి పలుకుతా, నా కొడుకు పేరు మాత్రం ఆ పుస్తకంలో ఎక్కించొద్దండి అన్నా. సరే పోరా అన్నాడు. ఆయప్పా మాట మీద ఉండాడు, నేనూ ఉండా. ఇంగొక్క ఏడు. గమ్మునుండు."

అని గడప దాటి వెళ్ళిపోయాడు.

బయ్యన్నకు తల ఎత్తుకోలేనంత సిగ్గు వేసింది. తాను తిప్పిన ప్రతి పేజీకీ తన తండ్రి ఒక పూట హాజరు పలికాడు. హక్కుల చదువుకు ఫీజు ఆ చావడిలో కట్టడమైంది. మునసబు మీద ఫిర్యాదు చేస్తే కాగితం రాదు, కాగితం రాకపోతే చదువు ఆగిపోతుంది, చదువు ఆగితే తండ్రి ఇన్నేళ్ళు పలికినదంతా గంగలో కలుస్తుంది. నోరు మూసుకుంటే ఇంకో ఏడాది పలకాలి. ఎటు తిరిగినా గోడే. నాలుగు రోజులు అతనికి అన్నం సయించలేదు. వారంలోగా కాగితం తిరుపతి చేరాలి. అయిదో రోజు సాయంత్రం సంతకం పెట్టించాల్సిన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తండ్రి వెంట తానూ చావడికి నడిచాడు.

"ఏమప్పా బయ్యన్నా, బాగుండావా?" అని గోవిందప్ప ఆప్యాయంగానే పలకరించాడు. "కాగితం ఈడ పెట్టు. హాజరు అయినాక సంతకం పెడతాలే. నాకు కంటికి పొరొచ్చి అచ్చరాలు ఆనడం లేదు. ఈపొద్దుకు నువ్వే చదువు. ఇంత సదివినోడివి, ఈ మాత్రం చెయ్యకుంటే ఎట్లా?"

అంటూ కాగితం అరుగు మీద పెట్టించి, హాజరు పుస్తకం అతని చేతిలో పెట్టాడు.

ఎనిమిది మందీ వరుసగా నిలబడ్డారు. బయ్యన్న పుస్తకం తెరిచాడు. ఒక్క ఏడు, ఒక్క సంతకం అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

"గురప్ప."

"ఉండా సామీ."

ఏళ్ళ తరబడి అలవాటైన మాట, దానంతట అదే వచ్చేసింది. కొడుకును సామీ అన్నానని తెలిసి గురప్ప నాలుక కరుచుకున్నాడు. వరుసలో ఎవరూ నవ్వలేదు. బయ్యన్న కళ్ళలో నీళ్ళు తిరిగి అక్షరాలు అలుక్కుపోయాయి. అయినా చదివాడు. కుళ్ళాయప్ప పలికాడు, లక్ష్మన్న పలికాడు, సోమప్ప పలికాడు. ఎనిమిది పేర్లూ అయిపోయాయి. పేజీ తిప్పితే అవతల ఇంకో పేరు ఉంది.

బయ్యన్న ఆ పేరు వంక చూశాడు. తరువాత మిగతావి చదివిన గొంతుతోనే అదీ చదివాడు.

"బయ్యన్న. గురప్ప కొడుకు. పద్ధెనిమిదేండ్లు నిండినవి. తిరుపతికి పోయినాడు. చీటీ ఇయ్యడమైనది."

మునసబు ఎన్నడూ పైకి పిలవకపోయినా, నాలుగేళ్ళుగా ఆ పేరు పక్కన రోజూ ఒక గీత పడుతూనే ఉంది. తాను విద్యార్థినని అనుకున్నాడు. ఈ పుస్తకం లెక్కలో అతను చీటీ మీద ఊరు దాటిన దొంగ.

గురప్ప వరుసలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. "సామీ, వాని పేరు ఎక్కించనని మాటిచ్చినారే" అన్నాడు. 

గోవిందప్ప చిరాకు పడ్డాడు. "మాటేందిరా మాట? మీ జాతోళ్ళకు మాట గూడానా? పేర్లు రాసుకోవల్ల కాబట్టి రాసుకున్నా. దాంతో నీకేం పోయింది?"

అందరూ తల వంచుకున్నారు. గురప్ప మాత్రం తిన్నగా అరుగు దగ్గరికి పోయి, సంతకం పడని ఆ కాగితాన్ని తీసుకుని కొడుకు చేతికిచ్చాడు.

"దా, పోదాం."

"సంతకం వద్దా? వాని సదువు పోతాదిరా!" అని మునసబు కేక వేశాడు.

గురప్ప ఆగి వెనక్కి తిరిగాడు. "పోతే పోనీ సామీ. నేను ఇన్నేండ్లు పలికింది వాని పేరు ఈడ వినడానికి కాదు."

ఆ పూట ఎద్దులకు నీళ్ళు పెట్టకుండానే తండ్రీ కొడుకులు ఇంటికి వచ్చారు.

మరునాడు మహబూబ్ బాషా మాస్టారి ఇంట్లో కూర్చుని బయ్యన్న కలెక్టరుకు అర్జీ రాశాడు. ముసలి మాస్టారు అంతా విని అర్జీని తన వైపు లాక్కున్నాడు. తరువాత అన్నాడు: "బయ్యన్నా, ఆ చట్టం పోయిందని నేను మీ నాయనకు చెవిలో చెప్పినా. చావడిలో నిలబడి, మునసబు వినేటట్టు, ఎనిమిది మందికీ చెప్పల్సింది. నాకు భయమేసింది. ఆ తప్పు నాది. ఈ అర్జీ మీద నేనూ చేవ్రాలు చేస్తా."

అర్జీ పోయింది. జవాబు రాలేదు. కాగితం పంపాల్సిన గడువు కూడా దాటిపోయింది. సాయంత్రం ఏడుగురు తలగుడ్డలు చుట్టుకుని మునుపటిలాగే చావడికి పోతూనే ఉన్నారు. గురప్ప గడపలో కూర్చుని ఉంటాడు. అల్లుదామని ఈత బద్ద చేతికి తీసుకుంటాడు గాని, ఆ వేళకు చేతులు పని మీద నిలవవు.

ఒక సాయంత్రం చావడి నుంచి మునసబు కేక వినవచ్చింది. "గురప్పా!"

గురప్ప పెదవులు కదిలాయి. ఓబులమ్మ అతని చేయి పట్టుకుంది. కేక రెండోసారి వచ్చింది, మూడోసారి వచ్చింది. గురప్ప పలకలేదు. ఆ పక్కనే కూర్చుని ఉన్న బయ్యన్న లేచి, తన పాఠ్యపుస్తకంలో ఆ చట్టం రద్దయిందని అచ్చువేసిన పేజీకి గుర్తు పెట్టుకుని, ఏడుగురికీ చదివి వినిపించడానికి చావడి వైపు నడిచాడు.

పాఠకులారా, రాజధానిలో ఒక చట్టాన్ని కొట్టివేయగానే మన పని అయిపోయిందని చప్పట్లు కొడతాం. చదువుకున్నవాడు ఆ మాటను ఊరి చావడి దాకా మోసుకుపోయి, అందరూ వినేటట్టు చదివిన రోజునే అది నిజంగా రద్దవుతుంది.