మొదటి బిందె

సిద్ధరాజ్ పాత బోరు మోటారు ఆపి, చేతికంటిన నూనె గోనెపట్టాకు తుడుచుకుని, వాల్వు తిప్పే ఇనుప కడ్డీ భుజాన వేసుకుని కొత్త ట్యాంకు వైపు నడిచాడు. అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదు. ట్యాంకు నిండిందా, గొట్టం ఎక్కడైనా కారుతోందా అని చూసి రావడమే. నిండకేం, నిండే ఉంటుంది. వాడుకునేవాళ్ళుంటే కదా తగ్గడానికి!

పెరియంపట్టి పక్కనున్న ఆ మునియప్పన్‌కొట్టాయి పల్లెలో బోరు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టని మనిషి లేడు. వయసు మళ్ళకముందే మోకాళ్ళు పట్టేస్తాయి. సిద్ధరాజ్‌కే ట్యాంకు మెట్లెక్కితే ప్రాణం మీదికొస్తుంది. ఏటి నీళ్ళు ఇస్తాం, ఏటి నీళ్ళు ఇస్తాం అని ప్రతి ఎన్నికలకూ మైకులో అరిచారు. తీరా అవి నిజంగానే వచ్చాయి. వచ్చి ట్యాంకులో కూర్చున్నాయి. కిందికి దిగే భాగ్యం మాత్రం లేదు. పంచాయతీ ప్రెసిడెంటు మణివణ్ణన్‌ది ఒక పార్టీ, పంచాయతీల మీదుండే యూనియన్‌కు కౌన్సిలర్ తమిళ్‌సెల్వన్‌ది ఇంకో పార్టీ. ప్రారంభోత్సవం రాయి మీద ఎవరి పేరు పైనుండాలో తేలలేదు. మొదట నాటిన రాయి రాత్రికి రాత్రే మాయమైంది. రెండోది పట్టపగలు పగిలింది. మూడోది ధర్మపురిలో చెక్కుతున్నారట. ఎంతకాలం చెక్కుతారో ఆ మహానుభావులకే తెలియాలి.

ట్యాంకు కింద వరసగా నాలుగు కొళాయిలు. వాటికి అడ్డంగా ఎర్ర రిబ్బను, వెలిసిపోయి. మొదటి కొళాయి కింద పంచవర్ణం ఇత్తడి బిందె, పక్కన సొట్టతో. ఆ వెనక ఊళ్ళోవాళ్ళ ప్లాస్టిక్ బిందెలు. ఆ ఊళ్ళో నీళ్ళకు మనుషులు నిలబడరు, బిందెలు నిలబడతాయి. ఒకరి బిందె ఇంకొకరు జరపరు. జరిపితే ఆడవాళ్ళ నోళ్ళకు దేవుడే దిక్కు.

పంచవర్ణం అతని మేనత్త. ట్యాంకు స్తంభానికి వీపానించి, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆ తావు ఆమెదే. దొడ్డి కట్టుకున్న చోటు, ట్యాంకుకని ఊరికే ఇచ్చేసింది. అడగడానికొచ్చిన రోజు మణివణ్ణన్, తమిళ్‌సెల్వన్ ఒకే మంచం మీద కూర్చుని ఆమె ఇచ్చిన మజ్జిగ తాగారు. ఆమె కోరింది ఒక్కటే: మొదటి బిందె నీళ్ళు నావి. ఇద్దరూ చేతులు జోడించి సరేనన్నారు. అప్పట్నుంచీ పొద్దున్నే బిందెను చింతపండుతో తోమి తెచ్చి పెడుతుంది. మునిమాపున ఖాళీ బిందె చంకనేసుకుని ఇంటికి పోతుంది.

“సిద్ధా, ఈ పొద్దన్నా వదుల్తారా?”

“రాయి రావల్లంటత్తా.”

“రాయి తాగుతామంట్రా మనము?”

ఆమె గొంతు పీలగా ఉంది. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. నాలుగు రోజులుగా ఆ బోరు ఉప్పు నీళ్ళు మింగుడు పడడం లేదని ఊరికే తడుపుకుని ఉమ్మేస్తోంది. సిద్ధరాజ్ ఆమె పక్కకు వంగాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“ఒక చెంబు పట్టిస్తానత్తా. ఎవురూ చూడరు.”

“నా తావులో నిలబెట్టిన ట్యాంకు నీళ్ళు నేను దొంగతనంగా తాగల్నా? పో, పోయి వాళ్ళను అడుగు.”

అడిగాడు. మణివణ్ణన్ టీ తాగుతూ, “నేను తిప్పకముందు ఎవడన్నా తిప్పినాడంటే వాడి పని ఉండదు” అని అరవంలో అన్నాడు. తమిళ్‌సెల్వన్ మోటారుసైకిలు దిగకుండానే అదే మాటన్నాడు. ఏనాడూ ఒక్క మాట మీద నిలబడని ఇద్దరూ ఈ మాటను మాత్రం పొల్లుపోకుండా అన్నారు! సిద్ధరాజ్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆ ట్యాంకులో వీళ్ళ చెమట చుక్క ఒకటైనా ఉందా? అయినా కడ్డీ భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. ఆ పని పోతే ఇల్లు గడవదు మరి.

మధ్యాహ్నం దాటాక రాయి రానే వచ్చింది. వ్యానులోంచి దించీ దించకముందే గొడవ మొదలైంది. ఈసారి రెండు పేర్లూ పక్కపక్కనే చెక్కారు. కానీ ఒకదాని అక్షరాలు లావట. తమిళ్‌సెల్వన్ మనుషులు రాయిని మళ్ళీ వ్యానెక్కించబోయారు, మణివణ్ణన్ మనుషులు చక్రాల ముందు కూర్చున్నారు. అమ్మలు, అక్కలు, ఏ బూతూ మిగల్లేదు. ఊరంతా నిలబడి చూసింది. చూసి చూసి విసుగెత్తి, సిద్ధరాజ్ అత్త వైపు తిరిగాడు.

“లెయ్యత్తా, ఇంటికి పోదాము. ఈ జన్మకు తేలేది కాదు ఇది.”

ఆమె లేవలేదు. ఎండకు మొహం మీద కొంగు కప్పుకుని ఉంది. కొంగు తీశాడు. కళ్ళు కొళాయి వైపే ఉన్నాయి.

అతను ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. కొంగు మళ్ళీ సర్ది, అక్కడే కాసేపు గొంతుక్కూర్చున్నాడు. అరుపులు ఒక్కొక్కటే ఆగాయి.

ఆమెను ఇంటికి చేర్చారు. పోయినవాళ్ళకు ఆఖరి స్నానం నీళ్ళు తప్పెట వాయిస్తూ పోయి తేవాలి. మేనల్లుడు ముందు నడవాలి. తప్పెటవాళ్ళు పాత బోరు వైపు దారి పట్టారు. సిద్ధరాజ్ అటు పోలేదు. కడ్డీ తీసుకుని కొత్త ట్యాంకు వాల్వు దగ్గరికి నడిచాడు.

“రేయ్ సిద్ధరాజ్!” అన్నాడు మణివణ్ణన్.

“పని పీకేస్తాం!” అన్నాడు తమిళ్‌సెల్వన్.

“పీకేయండయ్యా. అత్తకు నీళ్ళు పోయల్ల. జరగండి.”

తప్పెటవాళ్ళూ ఇటే తిరిగారు, వాయింపు ఆగలేదు. ఊరు అతని వెనకే వచ్చి నిలబడింది. ఇద్దరు నాయకులూ జరిగారు. రిబ్బను తెంచి పారేసి, బలంకొద్దీ కడ్డీ తిప్పాడు. గొట్టం గుడగుడమంది, బురద రంగు కక్కింది, తర్వాత తేటగా వచ్చింది. మొదటి బిందె నిండింది. దాన్ని తలకెత్తుకుని పోయి, ఆ నీళ్ళతోనే అత్తకు స్నానం చేయించారు. ఒక చుక్క ఆమె పెదవుల మీద సిద్ధరాజే వేశాడు. అప్పుడు ఏడ్చాడు.

శ్మశానం నుంచి తిరిగొస్తుంటే రెండు పార్టీలవాళ్ళూ పటాకులు పేలుస్తున్నారు. నీళ్ళు మావాళ్ళు తెచ్చారంటే మావాళ్ళు తెచ్చారని!

కొళాయిల దగ్గర ఆడవాళ్ళ సందడి. మిగతా మూడింటి దగ్గరే తోసుకుంటున్నారు. స్నానమయ్యాక ఇత్తడి బిందెను ఎవరో తెచ్చి, అలవాటుగా మళ్ళీ మొదటి కొళాయి కిందే పెట్టారు. అది నిండి, సొట్ట మీదుగా పొర్లిపోతోంది, ఎవరూ జరపలేదు.