క్యాలెండరు మీది చెయ్యి

“తెల్లచీరే కట్టుకో అమ్మాయ్. సాక్ష్యానికి అదే నిండుగా ఉంటుంది” అంది అత్తగారు సంపూర్ణమ్మ, గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. సారిక ఇస్త్రీ చేస్తున్నది ఆ తెల్లచీరే. తెల్లారితే ఆదివారం. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో నలుగురి ముందూ నిలబడి, ఆ ఫోటోలో తాను దేవుణ్ణి ఏమని వేడుకుంటోందో చెప్పాలి. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఆ పూట ఆమె దేవుణ్ణి ఏమీ వేడుకోలేదు.

ఫోటో సంగతి చెప్పాలంటే ముందు కెమెరా సంగతి చెప్పాలి. సారిక భర్త సాల్మన్ పోలవరం దగ్గర ఒక ఆఫీసులో క్లర్కు. పక్క సీటు త్రిమూర్తులుగారి కెమెరా చూసి మనసు పారేసుకుని, నిరుడు వేసవిలో తనూ ఒక కొత్త డిజిటల్ కెమెరా కొన్నాడు. ఇంట్లో పసిబిడ్డ పుట్టినంత సందడైంది. ఆ బిడ్డని సాకే పని మాత్రం ఎవరూ చెప్పకుండానే సారిక నెత్తిన పడింది. బ్యాటరీలు ఛార్జింగు పెట్టాలి, కార్డులో ఫోటోలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాలి, లెన్సులకి బూజు పట్టకుండా డబ్బాలో తేమ పీల్చే పొట్లాలు మార్చాలి. “చేతులు బాగా తుడుచుకుని ముట్టుకో సారికా, దానికి తడి పడదు” అనేవాడు. అంట్ల దగ్గరా, బట్టల దగ్గరా, బియ్యం కడిగే దగ్గరా నానే ఆ చేతులు అసలు ఆరేదెప్పుడో ఆయన ఎప్పుడూ అడగలేదు. సెలవొస్తే చాలు, పట్టిసీమ రేవుకి పోయి వలలు లాగేవాళ్ళనీ, చేలల్లో నాట్లు వేసే ఆడవాళ్ళనీ ఫోటోలు తీసుకొచ్చేవాడు. “చూడు, ఆ వంగిన నడుముల్లో ఎంత అందముందో” అని పొయ్యి దగ్గర్నుంచి పిలిచి మరీ చూపించేవాడు. నొప్పిపుట్టే నడుములో అందమేంటో సారికకి నిజంగానే అర్థమయ్యేది కాదు. తనకి ఫోటోలు చూడడం రాదేమో అనుకునేది. ఆయన చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు. ఈ మాట ఆమె తనకి తాను చాలాసార్లు చెప్పుకుంది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున పెరట్లో కుళాయి దగ్గర నాచు మీద కాలు జారి సారిక దబ్బున పడింది. ఉతికిన బట్టల బకెట్టు ఒక పక్క, తనో పక్క. నడుం కలుక్కుమంది. స్కూలు బెల్లు కొట్టేలోగా వెళ్ళి రెండో తరగతి పిల్లలకి పాఠం చెప్పాలి. తల తిప్పి చూస్తే సాల్మన్ కొత్త లెన్సు తగిలించుకుని పెరటి గుమ్మంలో ఉన్నాడు. “ఏవండీ, కాస్త చెయ్యివ్వండి” అని చెయ్యి పైకి చాపింది. నీళ్ళపొయ్యి పొగలోంచి ఎండ ఏటవాలుగా ఆమె మొహమ్మీద పడుతోంది. ఆయన కళ్ళు మెరిశాయి. “అలాగే ఉండు. కదలకు. చెయ్యి దించకు” అన్నాడు.

ఆమె దించలేదు.

తర్వాత ఆయన ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బకెట్టు కత్తిరించేశాడు, నాచుగచ్చు కత్తిరించేశాడు. అవుంటే చూపు చెదురుతుందట. మిగిలింది ఒక మొహం, ఒక చెయ్యి, బోలెడంత వెలుగు. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి పాస్టర్ ఏసురాజుగారి దగ్గరికి చేరింది. ఆయన చూస్తూనే కళ్ళొత్తుకున్నారు. “ఎంత విశ్వాసమమ్మా, పరలోకాన్నే అందుకుంటున్నట్టు ఎత్తావు చెయ్యి” అన్నారు. కొత్త సంవత్సరం సంఘం క్యాలెండరు మీద అదే వేయించారు, కింద ఒక కీర్తన వాక్యంతో సహా. సాల్మన్ కాదనలేదు. “ఆయన అలా అనుకుంటే మనకి పోయిందేంటి? దేవుడి పేరే కదా” అన్నాడు.

అప్పట్నుంచి సారికకి ఏమీ పాలుపోవడం లేదు. బజారుకెళ్తే ఎరగనివాళ్ళు కూడా దణ్ణం పెడుతున్నారు. చేపలమ్మే నాగదుర్గ, మా దేవుడూ మీ దేవుడూ అని చూడకుండా, తన మొగుడు సుఖంగా ఏటి మీంచి రావాలని ప్రార్థించమంది. కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద? మొగుడు ఫోటో తీశాడు, అంతేగా. అదీ అందంగా తీశాడు. తాను ఇంత బావుంటానని ఆమెకి అదివరకు తెలీదు. ఎవరూ చూడకుండా ఆ క్యాలెండరు వైపు చూసుకుని సంబరపడిన రోజులూ ఉన్నాయి. మరుక్షణం ఏదో ముల్లులా లోపల గుచ్చుకునేది. దించకు అంటే తానెందుకు దించలేదు? కదలకు అంటే ఎందుకు కదల్లేదు? ఒకవేళ నిజంగానే ప్రార్థించిందా? ఇంతమంది కళ్ళకి కనిపించేది తన ఒక్కదానికీ కనిపించడం లేదా? ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అంటారు, అలా అయిపోతోందా తను? ఈ ఆలోచనలతో కూరలో ఉప్పు రెండుసార్లు వేసి అత్తగారి చేత మాట కూడా పడింది.

తెల్లచీర మడతపెట్టి, ఇస్త్రీపెట్టె పక్కనపెట్టి భర్త దగ్గరికెళ్ళింది. “రేపు ఏం చెప్పమంటారు?”

“కుటుంబం కోసం, పిల్లల కోసం అని చెప్పు. అందరూ చెప్పేదదేగా” అన్నాడు లెన్సు తుడుస్తూ.

“నేను పడిపోయాను కదండీ.”

“ఎప్పుడు?” అన్నాడు సాల్మన్, తలెత్తి.

నటన కాదు. ఆయనకి నిజంగానే గుర్తులేదు. అది చూసి సారికకి మొదటిసారి భయమేసింది. ఆ పడ్డం తెలిసినది ఈ భూమ్మీద తనొక్కతే. తనూ మరిచిపోతే ఇక అది జరగనట్టే.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి హాల్లో ఆడవాళ్ళందరూ చాపల మీద సర్దుకున్నారు. సాల్మన్ కెమెరాతో గోడవార నిలబడ్డాడు, ఫోటోలు తీయాలిగా. పాస్టరుగారు పేరు పిలవగానే సారిక లేచింది. కుటుంబం కోసం అనే మాట పెదాల దాకా వచ్చింది. కానీ సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకున్న బుద్ధి ఒకటుంది, అది నాలుక పట్టుకుంది.

“నేను ఆ పూట ప్రార్థన చెయ్యలేదండి” అంది. “నాచు మీద జారిపడ్డాను. లేవలేక మా ఆయన్ని చెయ్యిమ్మని అడిగాను. ఆ ఎత్తిన చెయ్యి అదేనండి.”

పాస్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సంపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సాల్మన్ కెమెరా కళ్ళ దగ్గర్నుంచి దించాడు.

ముందు వరసలో కూర్చున్న జ్ఞానమ్మ, బతుకంతా కూలిపనికి పోయిన ముసలామె, మెడ చాచి అడిగింది. “మరి ఇచ్చాడా అమ్మా, చెయ్యి?”

“లేదండి. ఫోటో తీసుకుని, వెలుగు పోకముందే ఇంకో రెండు తీద్దామని గోదారి వైపు వెళ్ళిపోయారు.”

“అయ్యో. మరెలా లేచేవే తల్లీ?”

ఇన్నాళ్ళుగా ఆ పొద్దుని సారిక ఎన్నిసార్లు తలుచుకున్నా కెమెరా క్లిక్కుమన్న చోటే ఆగిపోయింది తప్ప, ఆ తర్వాత ఏం జరిగిందో ఒక్కసారీ చూసుకోలేదు. బకెట్టు నిలబెట్టింది. బట్టలు మళ్ళీ జాడించి ఆరేసింది. కుంటుకుంటూనే బెల్లు వేళకి స్కూలు చేరింది.

“నేనే లేచానండి” అంది.