మలుపమ్మ యెదుట మ్రోగిన ఇంజను

శరత్కాలపు కడపటి దినములలో విశాఖ మన్యమునందు ప్రాతఃకాలము సూర్యునికంటె ముందుగా మంచుతో నారంభమగుచుండును. లోయలయందు రాత్రియెల్ల పేరుకొనిన ధవళనీహారము తొలివెలుగు తాకినంతనే మెల్లమెల్లన పైకి లేచి వలిసెపూల చేల పసుపువన్నె నొకమారు చూపి మరల కప్పివేయుచు చెట్ల మొదళ్లను మాయము గావించి కొనలను మాత్రము గాలిలో తేలవిడిచి కొండను చుట్టుకొని యెక్కు ఘాటు రోడ్డును ముక్కముక్కలుగా నగుపరచుచుండెను. అట్టి ప్రశాంతప్రభాతమున ప్రశాంతి యన నేమో యెరుగని ప్రాణి యొకటి యా మార్గమున నుండెను. ఆ ప్రాణి పేరు కూర్మనాయుడు. తల్లిదండ్రులు శ్రీకూర్మనాథునికి మ్రొక్కుకొని పెట్టిన పేరే గాని తాబేటి నెమ్మది వానికి కాలిగోటికైన నబ్బలేదు. అన్నము నిలుచుండి తినును. కాఫీ చల్లారకమున్నే త్రాగి నాలుక కాల్చుకొనును. ఎదుటివాడు మాట ముగింపకమున్నే సరేయనును. వానిని చూచి యూరివారు కాలుగాలిన పిల్లికైన కొంత నిలకడ కలదని నవ్వుచుండిరి.

వాని జీవనాధారము తండ్రి గవరయ్య విడిచిపోయిన పాతకారు. కార్బురేటరు దినములనాటి ఆ శకటవృద్ధము అనుదినము కొండక్రింది యూరినుండి అయిదుగురు ఉపాధ్యాయినుల నెక్కించుకొని ఘాటు దాటి యావలి పాఠశాలకు జేర్పవలసియుండెను. కాని యేండ్లు మీదపడిన యా యింజను ఎక్కుడు మొదలగుటతోడనే మూడవ గేరునుండి రెండవదానికిని రెండవదానినుండి మొదటిదానికిని దిగజారి ఆయాసపడుచు రొప్పుచు ప్రాకుచుండగా క్రొత్తగా వచ్చిన వ్యాను హారను మ్రోగించుచు దానిని దాటిపోవుట పరిపాటి యయ్యెను. ఒకనాడు ప్రధానోపాధ్యాయిని సుభాషిణి కారు దిగుచు నిట్లనియెను.

"నాయుడూ, నీ తండ్రి కాలమునుండి యీ బండినే యెక్కుచున్నాము. ఐనను మేము ప్రార్థనగంటకు లేనినాడు పిల్లలు బడిని సంతగా మార్చుచున్నారు. ఈ నెల చూచెదము. ఇక నొక్కదినము జాగైనను మేము వ్యానునకు మారుట తప్పదు."

ఆ మాట కూర్మనాయుని గుండెలో ముల్లయి దిగెను. వారు విడిచిన మరునాడు ఆ ముసలి కారు నెక్కు నాథుడు లేడు. కారు కదలనినాడు వాని పొయ్యియు వెలుగదు.

వాని భార్య తమ్ముడు సన్నిబాబు కొండక్రింద మెకానిక్కు షెడ్డు పెట్టుకొనియుండెను. బావ యెంత తొందరకాడో బావమరిది యంత నింపాది. తుక్కుగా విరిచిన యొక డీజిలు బండినుండి తీసిన టర్బో యొకటి వాని షెడ్డు మూలను గుడ్డ చుట్టుకొని పడియుండెను. సైలెన్సరు గుండ వృథాగా పారిపోవు పొగను త్రోవలో నడ్డగించి దానిచే నొక చక్రమును త్రిప్పించి అదే యిరుసున నున్న రెండవ చక్రముచే బయటిగాలిని నొక్కి యింజను గొంతులోనికి ద్రోయు ఆ నత్తగుల్లవంటి యంత్రమును గూర్చి విన్ననాడే కూర్మనాయునికి నిద్ర తొలగెను.

"బావా, నీ బండిది కార్బురేటరు" అని సన్నిబాబు వారించెను. "అది గాలిని పీల్చుకొనుట యెరుగును గాని మీదికి ద్రోసిన గాలిని తాళుట యెరుగదు. గాలి యెక్కువై పెట్రోలు తక్కువైనచో పిస్టను కరగిపోవును."

"తాళుట నేర్పుము. దానికే గదా నీకు నీ యక్క పెండ్లినాటి భోజనముకంటె పెద్ద భోజనము పెట్టెద ననుచున్నాను" అనెను కూర్మనాయుడు.

ఆశచే బావ ముఖమందు కలిగిన యా వెలుగును చూచి కాదనలేక సన్నిబాబు పనికి దిగెను. కార్బురేటరును గాలి చొరని యినుపపెట్టెలో బంధించి నొక్కిడి లోపలను వెలుపలను సమముగా నుండునట్లు గావించెను. పెట్రోలును మరింత బలముగా ద్రోయు పంపును బిగించెను. ఇంజను తలక్రింద మందమైన గాస్కెట్టు వేసి లోపలి యిరుకును తగ్గించి నిప్పురవ్వ కొంత యాలసించి పడునట్లు సరిచేసెను. ఈ పని జరుగునంతకాలము కూర్మనాయుడు షెడ్డు చుట్టు గానుగెద్దువలె తిరుగుచు అయినదా యని యడుగుచు అడుగుటతో నూరకుండక తానును పానా పట్టి యొక బోల్టును మితిమీరి బిగించి మరలు చెరిపి చేతబెట్టెను. ఆత్రగానికి బుద్ధి మట్టని సన్నిబాబు గొణిగి ఆ పనిని మొదటినుండి మరల చేసెను.

బండి నప్పగించునపుడు వాడు తాళమును చేత బట్టుకొనియే యొక్కమాట చెప్పెను.

"బావా, ఎక్కుడు ముగిసిన వెంటనే ఇంజను ఆపకుము. ఈ చక్రము నిప్పువలె కాగి ప్రాణము పోవునంత వేగమున తిరుగుచుండును. దాని యిరుసును కాచునది ఇంజను పంపు నూనె యొక్కటే. ఇంజను ఆగిన నూనె ఆగును. ఆగిన నూనె అచ్చటనే మాడి బొగ్గగును. కొంతసేపు నిలువుము. దానిని చల్లబడువరకు ఊరక మ్రోగనిమ్ము."

"సరే" అనెను కూర్మనాయుడు. మాటలో సగమైన వాని చెవికెక్కెనో లేదో దైవమున కెరుక.

మరునాటి యెక్కుడు వాని జన్మలో నొక పండుగ. మూడవ గేరులోనే కారు ఈలవేయుచు మలుపు వెంట మలుపు మ్రింగి ముందు పోవుచున్న వ్యాను నవలీలగ దాటగా వెనుకకూర్చున్న ఉపాధ్యాయినులు చేతిసంచులను గట్టిగ పట్టుకొని నవ్విరి. కాని కొండకొమ్మున కడపటి మలుపుకడ మలుపమ్మ యుండెను. లోయయంచున పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన మోకాలెత్తు రాయియే ఆ దేవత. రాత్రియెల్ల మలుపులను కాచి యలసిన తల్లి ఉదయమున కునుకు తీయునని ఆమె యెదుట ఏ బండియు మ్రోగరాదని ఇంజను ఆపి కర్పూరము వెలిగించి మ్రొక్కియే దిగుడు దిగవలెనని ఆ ఘాటున నొక నియమము. దానిని కూర్మనాయునికి చిన్ననాడే నేర్పినది తండ్రి గవరయ్య. వాడు తాళముపై చేయివేసి క్షణమాత్రము సందేహించెను. బావమరిది మాట జ్ఞప్తికి వచ్చెను. వెనుక సుభాషిణి కనులు మూసి నిశ్శబ్దమునకై వేచియుండెను. అమ్మవారికంటె నూనె యెక్కువా యని వాడు ఇంజను ఆపెను.

ఆ దినము ప్రార్థనగంటకు చాల ముందుగనే వారు పాఠశాల జేరిరి. అటుపిమ్మట ప్రతిదినము అటులనే జరిగెను. ప్రతిదినము కాగిన చక్రము అమ్మవారి యెదుట ఒక్కసారిగ మూగవోవుచుండెను. కొన్నాళ్లకు ఆ ఈల కీచుశబ్దముగ మారెను. శనివారము తిరుగుప్రయాణమున సైలెన్సరునుండి నీలిపొగ వెడలి మాడునూనె కంపు కారంతయు నిండెను. కూర్మనాయుడు కుంటుచున్న బండిని ఎట్లో షెడ్డునకు జేర్చి చెమటలు తుడుచుకొనెను.

ఆదివారము సన్నిబాబు టర్బోను విప్పి యిరుసునకు అట్టగట్టిన నల్లని బొగ్గును గోటితో గీరి చూపెను.

"ఎక్కిన వెంటనే ఆపితివి గదా బావా?"

"మలుపమ్మ యెదుట ఆపక యెట్లు పోవుదును?"

మధ్యాహ్నపు అన్నము క్యారేజీతో తెచ్చిన కూర్మనాయుని తల్లి అచ్చియ్యమ్మ ఆ మాట విని కూరగిన్నె మూత తీయబోయి ఆగెను. నవ్వుచున్నదో దుఃఖించుచున్నదో తెలియని ముఖముతో ఆమె ఇట్లు చెప్పెను.

"నాయనా, ఆ రాతిని నిలిపినది నీ తండ్రియే. నిండుబరువుతో ఎక్కినప్పుడెల్ల ఆ మలుపుకడ ఈ బండికి నీరు మరిగి ఆవిరి చిమ్మెడిది. ఎక్కినవారు పగలబడి నవ్వెడివారు. ఆ నవ్వు ఓర్వలేక ఒకనాడు నాయొద్ద పసుపు అడిగి తీసికొనిపోయి రాతికి పూసి ఇచ్చట ఇంజను ఆపి మ్రొక్కవలె ననెను. వారు కనులు మూసి మ్రొక్కుచుండ ఆయన చాటున రేడియేటరులో నీరు పోసికొనెడివాడు. ఎవరితోను చెప్పవలదని నాచే ఒట్టు వేయించుకొనెను."

"మరి నీవును మ్రొక్కుచుంటివి గదమ్మా" అనెను కూర్మనాయుడు.

"పదిమంది మ్రొక్కిన రాయి. నేను మాత్రము మ్రొక్కకుండుట యెట్లు?"

తండ్రిని పరమభక్తునిగా నూరంతయు నెరుగును. ఆ భక్తి వెనుక నిలిచియున్నది సిగ్గుపడిన యొక పేదవాడని తెలిసి కూర్మనాయునికి కోపము వచ్చెను. ఆ కోపము నిలువక జాలి యయ్యెను. సన్నిబాబు మాత్రము బొగ్గు గీకి ఇరుసు కడిగి అరిగిన బేరింగులు మార్చి మరల బిగించెను. "ఈసారి పోయిన నాయొద్ద వేరొకటి లేదు" అనుట తక్క వేరు మందలింపు లేదు.

సోమవారము కారు మరల ఈలవేయుచు కొమ్మునకు జేరెను. మలుపమ్మ యెదుట వాడు బండిని నిలిపెను గాని ఇంజనును ఆపలేదు. ఉపాధ్యాయినులు చేతులు జోడించి వేచిరి. ఇంజను మ్రోగుచునే యుండెను.

"నాయుడూ, ఆపుము. అమ్మవారు" అనెను సుభాషిణి.

ఆపినచో యంత్రము పోవును. యంత్రముతో బ్రదుకు పోవును. నిజము చెప్పినచో ఆవిరి చిమ్ము బండికడ నాడు తండ్రి తప్పించుకొనిన నవ్వు చచ్చినపిమ్మట ఆయనను పట్టుకొనును. తుదకు కూర్మనాయుడు వెనుకకు తిరుగకయే పలికెను.

"అమ్మగారూ, నిన్న మలుపమ్మ మాట మా యమ్మ నాకు చెప్పినది. తల్లికి ఇక పగటినిద్ర వలదట. కర్పూరము కొండెక్కువరకు ఇంజను తన యెదుట మ్రోగవలెనట."

సుభాషిణి చేతిసంచినుండి కర్పూరము తీసి వానికందించుచు "అట్లయిన పెద్దబిళ్ళయే వెలిగింపుము. గంటకు వేళ యున్నది గదా" అనెను.

జనులు నియమమునకు మూల మడుగరు. వేళకు మ్రొక్కుటకొక చోటు చాలును. నెల తిరుగకమున్నే ఆ మలుపుకడ క్రొత్త వ్యాను సైతము ఏ యవసరమును లేకయే కర్పూరము కొండెక్కువరకు గుడగుడ మ్రోగుచు నిలుచుట చూచి సన్నిబాబు కడుపుబ్బ నవ్వెను. కాని యా సోమవారము నాడు నవ్వుటకు కూర్మనాయునికి శక్తి లేకుండెను. కర్పూరము వెలిగించి రాతియెదుట గొంతుకూర్చుండగా వెనుక ఇంజను మెల్లమెల్లన చల్లబడుచుండెను. రేడియేటరు మూతను గుడ్డతో పట్టి ముఖము ప్రక్కకు ద్రిప్పుకొని చాటుగ నీరు పోయుచున్న మనుష్యుడొకడు వాని కనులయెదుట నిలిచెను. తానును ఇప్పుడే ఆ మనుష్యునివలె కల్లలాడితినని వానికి కంట నీరు తిరిగెను. వాడు రాతికి తల మోపి మ్రొక్కెను. ఆ మ్రొక్కు దేవతకో తండ్రికో వానికి తెలియలేదు. తెలిసికొనవలెనను తొందరయు వానికి లేకుండెను.