బరువులేని చెయ్యి

రేవు చేపల బజారులో తన కళ్ళుగప్పే త్రాసు ఇంకా పుట్టలేదనేవాడు, తూకాలు సరిచూసే గిహో. నుదుటి మీదున్న కళ్ళజోడుని మాత్రం రోజుకి రెండుసార్లు వెతుక్కునేవాడు.

ఆ ఉదయం బజారంతా గుమ్నే మామ్మ కొట్టు ముందే ఉంది. మొగుడి పడవ మునిగినప్పటి నుంచి మామ్మకి బరువు లేదు. నేలకి జానెడు ఎత్తున తేలుతుంది. గాలికి కొట్టుకుపోకుండా కాళ్ళకి వల గుండ్లు కట్టుకుంటుంది. గొడవ దాని గురించి కాదు. పక్క కొట్టు తోక్సున్ అమ్మిన పండుగప్ప చేపే మామ్మ త్రాసు మీద మూడువందల గ్రాములు ఎక్కువ తూగింది. ఆ బజారులో బతికున్న చేపల్ని త్రాసు మీది నీళ్ళ తొట్టిలో వేసి తూస్తారు.

"తొట్టి నీళ్ళలో చెయ్యి పెట్టి తూస్తుంది ఈ ముసల్ది," అంది తోక్సున్. "ఈ పూటే కొట్టు ఖాళీ చేయించు."

"చేప ఎగరకుండా అడ్డం పెడతానే. అడుగు తాకను. బరువే లేని చెయ్యి ముల్లునేం తోస్తుంది?"

"మా అత్తా ఇలాగే తీయగా మాట్లాడేది."

"నీతో కాపురం చేశాక ఇంకెలా మాట్లాడుతుందిలే పాపం."

గిహో నవ్వు ఆపుకుని, త్రాసు మీది తొట్టిలో తన కిలో రాయి దించాడు. మామ్మ మణికట్టు దాకా చెయ్యి ముంచింది, దేన్నీ తాకకుండా. ముల్లు కిలో చూపింది. చెయ్యి తీస్తే ఏడువందలకి దిగింది.

"తోసిందిగా," అంది తోక్సున్. "సామాను సర్దుకో."

మామ్మ నీళ్ళకేసి చూసింది. "నాకు బరువు లేదు గానీ, చోటు పడుతుందిగా. చెయ్యి దూరినంత మేర నీళ్ళు లేచాయి. ఆ నీళ్ళే తోశాయి." గిహోకేసి తిరిగి, "మరి కిలో రాయి ఒక్కటీ కిలో తూగదేం బాబూ?" అంది.

గిహో ఆ రాయి తీసుకెళ్ళి తోక్సున్ తొట్టిలో వేశాడు. అక్కడా ఏడువందలే.

"అంటే ఇన్నాళ్ళూ చేపచేపకీ మూడువందలు ఊరికే పోశానా?" తోక్సున్ చేతిలో పొలుసు కత్తి ఆగిపోయింది. "ఎవడి పనిరా ఇది?"

"మామ్మ కొట్టు ఉంటుంది," అన్నాడు గిహో, కత్తికి అందనంత దూరం జరిగి. "బజారులో సరిగ్గా తూచింది ఆవిడొక్కతే."

"నేనడిగింది అది కాదు."

గిహో కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నెలనెలా తొట్టిలో నీళ్ళు నింపి ముల్లు సున్నాకి తిప్పుతానా... నీళ్ళు ఊగుతుంటే ముల్లు నిలవదు. అందుకని నా చెయ్యి అందులో పెట్టేవాణ్ణి. ఆనించలేదు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను."